నడిమి కన్నం

హౌరాకి ఎదురొడ్డున ఉన్న ఓడరేవు పేట వాట్‌గంజ్‌లో ధనుంజయ్ నిలకడగా కూర్చోగా చూసినవాళ్ళు తక్కువ. టీ కొట్టు దగ్గర బల్ల ఖాళీగా ఉన్నా నిలబడే తాగేవాడు. అన్నం మధ్యలో లేచి వీధిలోకి తొంగిచూసి మళ్ళీ కంచం ముందుకొచ్చేవాడు. పెళ్ళిపీటల మీద కూడా రెండుసార్లు లేవబోతే పంతులుగారు భుజం పట్టుకుని కూర్చోబెట్టారని అతని భార్య అప్పలలక్ష్మి ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

అలాంటి మనిషి చెక్కని తిప్పి చెక్కే లేతు మిషను ముందు మాత్రం కదలకుండా నిలబడేవాడు. వాళ్ళ నాన్న శ్రీకాకుళం దగ్గరి సముద్రపు ఊరి నుంచి డాకుల్లో మోతపనికి వచ్చాడు. ధనుంజయ్ ఇక్కడే పుట్టి, మీసాలు రాకముందే ఓడలు బాగుచేసే ఒక కంపెనీ వడ్రంగి షెడ్డులో చేరాడు. కంపెనీ మూతపడి సామాన్లు అమ్మేస్తున్నప్పుడు, తను పాతికేళ్ళు నడిపిన చెక్క లేతునే అడిగి తెచ్చుకుని, ఇంటి కింది గదిలో సందులోకి తలుపు తెరుచుకునేలా బిగించుకున్నాడు. అప్పడాల కర్రలు, ఉలిపిడులు, మంచం కోళ్ళు తీసేవాడు. ఆ తర్వాత పెన్నులు వచ్చాయి.

పెన్నుల పని తెచ్చింది రమాకుమారి. ఆవిడది విజయవాడ వైపు. న్యూ టౌన్‌లో కాపురం, ఆఫీసులకి కానుకల సరఫరా. కూల్చేసిన పాత ఇళ్ళ కిటికీ చెక్కలతో పెన్నులు చేసేవాళ్ళ కోసం వెతుకుతూ ఎవరో చెబితే వాట్‌గంజ్ వచ్చింది. ఖిదిర్‌పూర్‌లోనూ భవానీపూర్‌లోనూ మేడలు కూల్చినప్పుడల్లా వందేళ్ళు ఎండలో ఎండి, వానలో నానిన బర్మా టేకు రెక్కలు లారీల్లో వచ్చిపడేవి. వాటిని చూస్తే ధనుంజయ్‌కి ప్రాణం లేచొచ్చేది. పైన పచ్చరంగు పెచ్చులూడుతున్నా, ఒక్కసారి రంపం పెడితే లోపల తేనెరంగు, నూనె వాసన.

పెన్ను చెయ్యడం చూడ్డానికి చిన్న పనే. చెక్కని వేలెడంత ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకీ ఈ చివర నుంచి ఆ చివరికి నడిమధ్యగా కన్నం తొలవాలి. ఆ కన్నంలో సన్నటి ఇత్తడి గొట్టం జిగురుతో బిగించాలి. ఆ తర్వాత లేతు మీద తిప్పుతూ ఉలితో ఒంపు తియ్యాలి. ఒంపు చూసి జనం మెచ్చుకుంటారు కానీ, అసలు సంగతంతా కన్నంలోనే ఉంది. అది వెంట్రుకవాసి పక్కకి పోతే గొట్టం వంకరగా దిగుతుంది, ఒక వైపు చెక్క పల్చబడి ఉలి తగలగానే చిట్లిపోతుంది.

ఆ కన్నాలు ధనుంజయ్ చేతి డ్రిల్లుతోనే తొలిచేవాడు. ముక్కని బల్లకున్న వైసులో నిలువుగా బిగించి, డ్రిల్లుని గుండెకి ఆనించుకుని, ఎడమ కన్ను మూసి ఊపిరి బిగబట్టి దింపేవాడు. తొలిచే బిట్టు మొన అవతలికి వచ్చేసరికి సరిగ్గా నడిమధ్యనే ఉండేది. కొలతకర్ర వాడలేదు. అది అతనికి గొప్ప. ఎవరైనా కాసేపు నిలబడి చూస్తే ఇంకో రెండు ముక్కలు ఎక్కువ తొలిచేవాడు.

చెయ్యి వణకడం ఎప్పుడు మొదలైందో అతనికే తెలియదు. మట్టి కప్పులో టీ అంచుదాటి వేళ్ళ మీద పడినప్పుడు కప్పు వేడిగా ఉందనుకున్నాడు. చొక్కా గుండీలు ఆలస్యమవుతుంటే దర్జీని తిట్టుకున్నాడు. కుడిచెయ్యి ఊరికే ఉన్నప్పుడు బొటనవేలు చూపుడువేలి మీద మాత్ర నలుపుతున్నట్టు ఆడేది. పనిలో పెడితే ఆగేది. అందుకని ఇంకా ఎక్కువ పని పెట్టుకున్నాడు. కానీ డ్రిల్లు పట్టుకుని ఒకే తీరున నిలిపి ఉంచాల్సొచ్చేసరికి, కాస్త ఆగి, తలుపు వెనక దాక్కున్నదానిలా ఆ వణుకు మళ్ళీ వచ్చేది.

రమాకుమారి ఒక పెద్ద ఆఫీసు కోసం పెన్నులు అడిగిన వారం ముక్కలు చెడిపోవడం మొదలైంది. మొదటిది కొద్దిగా పక్కకి పోయింది. చెక్కలో ముడి ఉందనుకున్నాడు. రెండోదానికి బిట్టు ముక్కు పక్కలోంచి పొడుచుకొచ్చింది. ఆ మధ్యాహ్నానికి బల్ల మీద ఒక్క మంచి ముక్క మిగల్లేదు. వాటన్నిటినీ సంచిలో వేసుకుని ఘాట్ దాకా నడిచి, ఎవరూ చూడకుండా గంగలో పోసేశాడు. టేకు కదా, కొన్ని మునగలేదు. మెట్ల దగ్గరే తేలుతూ తిరిగాయి. అవి కనుమరుగయ్యేదాకా ఆగలేక, వెనక్కి చూడకుండా వచ్చేశాడు. మర్నాడూ అదే పని. ఆ మర్నాడూ అంతే.

అప్పలలక్ష్మి ఒక నర్సింగ్ హోములో ఆయాగా చేస్తుంది. ముసలివాళ్ళకి అన్నం తినిపించడం, ఒళ్ళు తుడవడం ఆమె పని. అతనికంటే ముందే ఆమెకి అర్థమైంది. ఇంట్లో సరుకుల చీటీ అతనే రాసేవాడు. ఆ అక్షరాలు మొదట్లో బాగానే ఉండి, చివరికొచ్చేసరికి చీమల్లా చిన్నబోతున్నాయి. చెప్తే ఎగిరిపడతాడని కొన్నాళ్ళు ఊరుకుంది. ఒకరోజు డ్యూటీ దిగి పొద్దున్నే వచ్చి, చీరైనా మార్చుకోకుండా అతని ముందు కూర్చుంది.

"సెయ్యి ఇలాగియ్యి," అంది.

"ఏటయింది సేతికి?"

"నానడిగిందీ అదే."

అతను చెయ్యి ఇవ్వలేదు. లేచి చొక్కా తొడుక్కోబోయాడు. గుండీ పెట్టుకోలేక రెండుసార్లు జారవిడిచాడు. అప్పలలక్ష్మి లేచివచ్చి గుండీలన్నీ పెట్టి, "ఆస్పత్రికెల్దాం. నానొస్తాను," అంది. అతను చెప్పులేసుకున్నాడు.

డాక్టరు అతన్ని అటూ ఇటూ నడిపించి, వేళ్ళు ఆడించమని, గుండ్రంగా సున్నాలు చుట్టమని చెప్పింది. పార్కిన్సన్స్ అంది. నయమైపోయే జబ్బు కాదు, మందులతో అదుపులో ఉంచొచ్చు, మెల్లగా పెరుగుతుంది అని బెంగాలీలో విడమరిచి చెప్పింది. ధనుంజయ్ ఒకటే ప్రశ్న అడిగాడు, మళ్ళీ డ్రిల్లు పట్టొచ్చా అని. పట్టకపోవడమే మంచిదంది.

ఆ రోజే లేతు గదికి తాళం వేశాడు. ఇక చూడాలి అతని తిరుగుడు. తెల్లారకముందే బయటపడి ఖిదిర్‌పూర్ మీదుగా వంతెన దాకా, అక్కణ్ణుంచి నది వెంబడి, ఒక్కోరోజు రేవు దాటి అవతల షాలిమార్ రైలు యార్డు దాకా నడిచేవాడు. వ్యాగన్లు గుద్దుకునే చప్పుడు వింటూ కంచె దగ్గర నిలబడేవాడు. అయిదు నిమిషాలు కాకుండానే అక్కడా ఉండలేకపోయేవాడు. ఇంటికొస్తే గోడలు మీదకొచ్చినట్టుండేది. మందులు వేసుకుంటే వణుకు కొంత తగ్గింది. కానీ లోపలి కుదురులేనితనం తగ్గలేదు. రమాకుమారి ఫోను మోగితే దిండు కింద పెట్టేవాడు. చివరికి అప్పలలక్ష్మే ఫోను తీసి, ఒంట్లో బాగోలేదని చెప్పింది. పర్వాలేదు, కోలుకున్నాకే చెప్పండి అందావిడ. ఆ మర్యాద కూడా అతనికి గుచ్చుకుంది.

అలాంటప్పుడు కారుణ్య వచ్చింది. ఆమె పక్కింటి మేడ మీద అద్దెకుంటుంది. వాళ్ళ నాన్న రైల్వేలో చేసేవాడు, షాలిమార్ క్వార్టర్లలో పెరిగింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. మెటియాబ్రుజ్‌లో జీన్సు ప్యాంట్లు కుట్టే చోట ఏళ్ళ తరబడి మిషను తొక్కింది. ఆ చోటు మూసేశాక చర్చికొచ్చే వాళ్ళకీ వీళ్ళకీ జాకెట్లు కుడుతోంది. లేతు నేర్పమని ధనుంజయ్‌ని అడిగింది. అతను కసురుకున్నాడు. ఇది బట్టలు కుట్టే మిషను కాదు, వేళ్ళు పోతాయన్నాడు. జీన్సు కుట్టే మిషను సూది వేలిలోంచి దిగడం తను చూశానని, భయం లేదని ఆమె అంది. అతను ఒప్పుకోలేదు. మూడోసారి అడిగినప్పుడు అప్పలలక్ష్మి వంటింట్లోంచే తాళంచెవి తెచ్చి కారుణ్య చేతిలో పెట్టేసింది. ఆ పూట మొగుడూపెళ్ళాలు మాట్లాడుకోలేదు.

నేర్పడం అప్పడాల కర్రలతో మొదలైంది. కారుణ్య చెయ్యి మంచిదే. తొందరపడదు, భయపడదు. అదే అతనికి పడేది కాదు. ఉలిని ఏ వాలులో పట్టాలో అతని చేతికి తెలుసు కానీ, నోటికి తెలియదు. ఎప్పుడూ మాటల్లో పెట్టాల్సిన అవసరం రాలేదు. ఆమె తప్పుగా పట్టుకుంటే చూస్తూ నిలబడలేకపోయేవాడు. గది ఈ మూల నుంచి ఆ మూలకి పచార్లు చేసేవాడు, వీధిలోకి వెళ్ళి వచ్చేవాడు. ఒకరోజు ఆగలేక, మిషను తిరుగుతుండగానే ఆమె చేతిలో ఉలి లాక్కోబోయాడు. వణికే చెయ్యీ వద్దనే చెయ్యీ కలిసి ఉలి మొన చెక్కలోకి దిగబడింది. కర్ర పేలినట్టు చీలి, ఒక పేడు కారుణ్య కనుబొమ మీద తగిలింది. కంటికి ఏమీ కాలేదు. నెత్తురు మాత్రం చెంప మీదుగా కారింది.

అప్పలలక్ష్మి కట్టుకడుతున్నంతసేపూ ధనుంజయ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. లోపలికీ రాలేదు, బయటికీ పోలేదు. కారుణ్య వెళ్ళిపోయాక తురుము ఊడ్చి, ఉలి తుడిచి, మళ్ళీ తాళం వేశాడు. ఆమె ఇంక రాదని అతనికి ఖాయంగా అనిపించింది.

మర్నాడు ఆమె వచ్చింది. నుదుటి మీద ప్లాస్టరుంది. తాళం తియ్యమని నిలబడింది. అతను తీశాక, లోపలికి అడుగు పెట్టకుండానే అంది:

"మిషను తిరుగుతున్నప్పుడు నా చేతి మీద చెయ్యి వెయ్యకండి బాబాయ్. నోటితో చెప్పండి. ఎంత గట్టిగా తిట్టినా పడతాను."

"నోటితో రాదమ్మా నాకు," అన్నాడతను.

"నాకూ ఉలితో రాదు. ఇద్దరం నేర్చుకుందాం."

ఆ తర్వాత అతను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి చెప్పడం మొదలుపెట్టాడు. కిందకి దించు అనేవాడు. ఎంత కిందకి అంటే చెప్పలేక, నీ మణికట్టు పొట్టకి ఆనేదాకా అనేవాడు. చప్పుడు విను, బట్ట చిరిగినట్టు రావాలి, టకటక రాకూడదు అనేవాడు. బట్ట చిరిగిన చప్పుడు కారుణ్యకి వెంటనే అర్థమైంది. వానాకాలం అయ్యేసరికి ఆమె తీసే ఒంపుల్లో తప్పు పట్టడానికి అతనికి పెద్దగా ఏమీ దొరకలేదు.

మళ్ళీ కన్నం దగ్గరే చిక్కు వచ్చింది. చేతి డ్రిల్లుతో ఆమె తొలిస్తే ముక్క పక్కలోంచి బిట్టు వచ్చేసేది. కన్ను మూసి, ఊపిరి బిగబట్టి, అతను చెప్పినవన్నీ చేసేది, అయినా వచ్చేసేది. అది మాటల్తో చెప్పే విద్య కాదు, ఏళ్ళు పడుతుంది. అతనికి అన్ని ఏళ్ళు లేవు. తిన్నని గొట్టం లేకపోతే ఆమె ఒంపులు ఎందుకూ కొరగావు. చెడిపోయిన ముక్కల్ని ఆమె డబ్బాలో వేస్తుంటే, తను గంగలో పోసినవి గుర్తొచ్చి అతను బయటికి వెళ్ళిపోయాడు.

ఇంకో దారి ఉందని అతనికి మొదటినుంచీ తెలుసు. కంపెనీలో పక్క షెడ్డులో ఇనప పని చేసేవాళ్ళు కన్నాలు వేరేలా తొలిచేవారు. వాళ్ళు బిట్టుని తిప్పరు. లేతు మీద ముక్కే తిరుగుతుంది, ఎదురుగా, లేతు ఆ చివరనుండే వెనక దిమ్మలో బిగించిన బిట్టు తిరగకుండా ఉంటుంది. దిమ్మ చక్రం తిప్పుతుంటే బిట్టు మెల్లగా ముందుకు జరిగి ముక్కలోకి దిగుతుంది. చెయ్యి ఎలా ఉన్నా కన్నం తప్పదు. అందుకే వడ్రంగి షెడ్డులో వాళ్ళని వెక్కిరించేవారు, కళ్ళు లేనోళ్ళ పని అని. అందరికంటే గట్టిగా వెక్కిరించింది ధనుంజయే. అతని లేతు వెనక దిమ్మకి చెక్కని ఆనించే మొన తప్ప ఇంకేమీ లేదు. బిట్టు పెట్టే ఏర్పాటు ఎప్పుడూ చేయించుకోలేదు.

రెండు రోజులు ఆ మాట ఎవరికీ చెప్పకుండా తిరిగాడు. మూడో రోజు వెనక దిమ్మ ఊడదీసి గోనెసంచిలో చుట్టుకుని, ఫెర్రీలో నది దాటి హౌరా వెళ్ళాడు. అక్కడ శ్యామసుందర్ ఉన్నాడు. ఒకప్పుడు ఆ పక్క షెడ్డులో పనిచేసినవాడే. ఇప్పుడు సొంతంగా చిన్న మిషను షాపు నడుపుతున్నాడు. ధనుంజయ్ ఎంత వెక్కిరించేవాడో అతనికి బాగా గుర్తుంటుంది. సంచి దించి, దీనికి బిట్టు పట్టే చక్కు, ముందుకు జరిపే చక్రం కావాలని ధనుంజయ్ చెప్పాడు. శ్యామసుందర్ ఒకసారి దిమ్మకేసి, ఒకసారి అతని కుడిచేతికేసి చూశాడు. చక్రానికి పిడి లావుగా పెట్టనా దాదా, పట్టుకోవడానికి వీలుగా ఉంటుంది అన్నాడు అంతే. ధనుంజయ్ తల ఊపాడు. ఆ పూటంతా ఆ షాపు ముందు సందులో తిరుగుతూనే ఉన్నాడు. టీ తాగమంటే వద్దన్నాడు.

దిమ్మ తిరిగొచ్చిన పొద్దున కారుణ్య ఒక టేకు ముక్క కోసి ఇచ్చింది. లేతు ఈ చివరనున్న చక్కులో దాన్ని అతనే బిగించాడు. బిగించడానికే చాలాసేపు పట్టింది. ఆమె సాయం చెయ్యబోయి, తన మాట తనకే గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంది. వెనక దిమ్మలో ముందు పొట్టి బిట్టు పెట్టి, తిరుగుతున్న ముక్క మొహం మీద చిన్న గుంట చేశాడు, అసలు బిట్టు దారి తప్పకుండా. తర్వాత పొడుగు బిట్టు పెట్టి, మిషను వేగం తగ్గించి, చక్రం మీద చెయ్యి వేశాడు.

చెయ్యి వణికింది. చక్రం పిడి అతని వేళ్ళ కింద గడగడలాడింది. బిట్టు మాత్రం తన దారిన తను ముక్కలోకి దిగింది. సన్నటి తురుము చుట్టలు చుట్టలుగా బయటికి వచ్చింది. కొంచెం దిగగానే వెనక్కి లాగి తురుము దులిపాడు. లేకపోతే లోపల వేడెక్కి చెక్క నెర్రెలిస్తుంది. మళ్ళీ దింపాడు, మళ్ళీ లాగాడు. చివరికి వచ్చేటప్పుడు మరీ మెల్లగా తిప్పాడు. అవతలి అంచు పెచ్చు లేవకుండా బిట్టు మొన బయటపడింది.

మిషను ఆపి ముక్క తీసి, కంటికి ఆనించి గుమ్మం వైపు చూశాడు. ఎదురింటి గోడ మీద ఆరేసిన ఎర్ర గమ్ఛా తువ్వాలు గుండ్రంగా కనిపించింది. చుట్టూ చెక్క అన్ని వైపులా ఒకే మందంగా ఉంది. ముక్కని కారుణ్యకి ఇచ్చాడు. ఆమె కూడా అలాగే చూసింది.

"నడిమికుంది బాబాయ్," అంది.

"ఉంటాదిలే," అన్నాడతను. "ఇంకోటి కొయ్యి."

సంతోషించాడా అంటే చెప్పడం కష్టం. ఆ రాత్రి అప్పలలక్ష్మి అడిగితే, ఇందులో నా చేతి పనేముంది, దిమ్మ పని అది అన్నాడు. కానీ మర్నాడు ఆమె డ్యూటీకి బయల్దేరే ముందే గది తలుపు తీసి ఉంది. రమాకుమారికి తనే ఫోను చేశాడు. జబ్బు పేరు కూడా దాచకుండా చెప్పాడు. ఇక నుంచి కన్నాలు నావి, ఒంపులు కారుణ్యవి, ఇష్టమైతే పంపండి అన్నాడు. ఆవిడ మొదటి విడతగా కొద్ది పెన్నులే అడిగింది.

అవి పట్టుకుని ఇద్దరూ బస్సులో న్యూ టౌన్ వెళ్ళారు. అద్దాల మేడలో పై అంతస్తు. ధనుంజయ్ సోఫాలో కూర్చోలేక కిటికీ దగ్గర నిలబడ్డాడు. రమాకుమారి పెన్నులు ఒక్కొక్కటే తీసి కాగితం మీద గీసి చూసింది. కారుణ్య తీసిన పెన్నులు నడుము దగ్గర సన్నబడి, వేళ్ళు పట్టే చోట కొంచెం ఉబ్బుగా ఉంటాయి. ధనుంజయ్‌వి తిన్నగా, ఓడ కటకటాల కడ్డీల్లా ఉండేవి. అతను తన తీరే నేర్పాడు. ఆమె ఎప్పుడు మార్చిందో అతను గమనించలేదు.

"ఇవి చేతిలో హాయిగా ఉన్నాయండీ ధనుంజయ్ గారూ," అందావిడ. "ఇకనుంచి ఈ రకమే చేయించండి."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో సీటు ఖాళీగా ఉన్నా అతను తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఇంటికి ముందు స్టాపులోనే దిగిపోయి నడవడం మొదలుపెట్టాడు. ఘాట్ దాకా వెళ్ళాడు, అక్కణ్ణుంచి వెనక్కి, మళ్ళీ ఘాట్ దాకా. కోపం కారుణ్య మీదా, రమాకుమారి మీదా, తన మీదా తేల్చుకోలేకపోయాడు. ఆవిడ అన్నది నిజం. అతని వేళ్ళకే తెలుసు. ఈమధ్య తన పాత పెన్ను జారిపోతోంది, కారుణ్య చేసినది జారడం లేదు.

పొద్దున్న కారుణ్య బెరుకుగానే వచ్చింది. పాత తీరులోనే తీస్తాను బాబాయ్ అంది. అతను అప్పటికే ముక్కలు తొలిచి వరసగా పెట్టి ఉన్నాడు.

"ఒద్దు. నీ సేతికెలాగొస్తే అలాగే తియ్యి," అన్నాడు. ఒక ముక్క ఆమె చేతికిస్తూ, "ఆ ఉబ్బు కాడ సెక్క పల్సబడకుండా సూసుకో," అన్నాడు.

ఇప్పుడు పని అలాగే నడుస్తోంది. మందు పట్టు ఉన్న పూట అతను కన్నాలు తొలుస్తాడు. పట్టు వదిలేవేళకి చక్రం వదిలేసి వీధిన పడతాడు. బేహాలా వైపు పెన్నులు చేసే ఒకాయన కూడా ఈమధ్య తన ముక్కలు తెచ్చి తొలిపించుకుని వెళ్తున్నాడు. కారుణ్య ఉలి పట్టుకున్నప్పుడు అతను ఇంకా గదిలో పచార్లు చేస్తూనే ఉంటాడు. ఆమెకి అలవాటైపోయింది, తల ఎత్తి చూడదు.

మొన్న ఒకరోజు బిట్టు వెనక్కి లాగుతూ, బల్ల అంచు మీద ఆనించిన ఎడమచెయ్యి వేళ్ళు కదులుతున్నాయని చూశాడు. బల్ల అదురు కావచ్చునని మిషను ఆపి చూశాడు. ఆగలేదు. ఆ సాయంత్రం అప్పలలక్ష్మి అన్నం వడ్డిస్తుంటే తనే చెప్పాడు, ఎడమదానికీ వచ్చినట్టుంది అని. ఆమె గరిటె పక్కన పెట్టి, ఆ చెయ్యి తీసుకుని కాసేపు తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. డాక్టరుకి చెబుదాం అంది. సరేనన్నాడు. అప్పుడే ఇంకో మాట కూడా అన్నాడు. ఆ చక్రం చిన్నదైపోయింది, రెండు చేతులా పట్టుకుని తిప్పేలా పెద్దది చేయించాలి.

ఆస్పత్రి పని అయిన మర్నాడే హౌరా బయల్దేరాడు. ఫెర్రీలో సీట్లు ఖాళీగానే ఉన్నాయి. అతను రెయిలింగు దగ్గర నిలబడి, శ్యామసుందర్‌కి చక్రం ఎంత వెడల్పు కావాలో ఎలా చెప్పాలా అని గాల్లో చేతులు చాపి చూసుకుంటున్నాడు. ఒకసారి మరీ పెద్దదైంది, ఒకసారి చిన్నదైంది. పక్కనున్న ముసలాయన విడ్డూరంగా చూశాడు. అవతలి జెట్టీ ఇంకా దూరంగా ఉండగానే ధనుంజయ్ దిమ్మ ఉన్న సంచి భుజాన వేసుకుని, దిగేవాళ్ళందరికంటే ముందు గేటు దగ్గరికి పోయి నిలబడ్డాడు.